మూడున్నరకు చెప్పిన మాట

2024 మార్చి పన్నెండు, మంగళవారం. తెల్లవారి నాలుగూ యాభైకి సుధామణి ఇంటి తలుపుకు తాళం వేసి టెంపో ఎక్కింది. లోపల నాలుగేళ్ళ కూతురు ఆశా నిద్రపోతూ ఉంది.

ఇల్లు పావగడ తాలూకా క్యాతగానచెర్లులో ఉంది. ముందు వసారా, వెనక ఒక గది, గదిని ఆనుకుని వంటిల్లు. లోపలికి పోవడానికి ఒకటే తలుపు. శివరాత్రి వెళ్ళాక ఆ ఇంట్లో వాళ్ళు వసారాలో పడుకోవడం మొదలుపెట్టారు. అత్త రామాంజినమ్మ ఒక మంచం మీద, పన్నెండేళ్ళ వినుత, చిన్నది ఆశా ఇంకో మంచం మీద, సుధామణి కింద చాప మీద. భర్త మధుకుమార్ హోసపేట దగ్గర రోడ్డు పనిలో జేసీబీ నడుపుతాడు. నెలకు ఒకసారి ఇంటికి వస్తాడు.

తాళం కోతుల కోసం. కొండ మీది కోతులు తెల్లవారుజామున ఊళ్ళోకి దిగుతాయి. గొళ్ళెం తీయడం వాటికి వచ్చు. జనవరిలో ఒకరోజు అవి లోపలికి దూరి రాగిపిండి డబ్బా బోర్లించి, బెల్లం ఎత్తుకుపోయాయి. అప్పటినుంచి పనికి పోయే ముందు సుధామణి తాళం వేసి, తాళంచెవి అత్త దిండు కింద పెడుతుంది. అత్త ఆరింటికి లేచి తలుపు తీసి కాఫీ పెట్టుకుంటుంది.

ఆ రోజు మూడున్నరకు దోమలు కుడుతున్నాయని ఆశా లేచి ఏడ్చింది. సుధామణి పిల్లను లోపలికి తీసుకుపోయి, ఫ్యాను వేసి చాప మీద పడుకోబెట్టింది. నిద్రపోయేదాకా పక్కనే ఉంది. నాలుగూ పదికి ఫోనులో అలారం మోగితే లేచి వంటింట్లోకి పోయింది. గదిలో దీపం వేస్తే పిల్ల లేస్తుందని వేయలేదు. సంగటి డబ్బీలో పెట్టుకుంది, జుట్టు ముడి వేసుకుంది. బయట టెంపో హారను రెండుసార్లు మోగింది. తాళం వేసింది. తాళంచెవి దిండు కింద పెట్టలేదు, రవికలో దోపుకుంది. మంచం మీద వినుత ముసుగుతన్ని పడుకుని ఉంది. దుప్పటి కింద ఒకరున్నారా ఇద్దరున్నారా అని సుధామణి చూడలేదు.

టెంపోలో పదకొండు మంది ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ సోలార్ ప్లాంటులో ప్యానెళ్ళు కడిగే కూలీలు. ఎండ ఎక్కిన గాజు మీద నీళ్ళు పోయకూడదు. అందుకని ఆ పని తెల్లవారకముందే మొదలై తొమ్మిదింటికి ముగుస్తుంది.

"డబ్బీ తెచ్చినావా ఈ పొద్దన్నా?" అని అడిగింది కదిరమ్మ. ఆమె, సుధామణి నాలుగేళ్ళుగా ఒకే వరసలో పని చేస్తున్నారు.

సుధామణి డబ్బీ ఎత్తి చూపించింది.

"లోపల సంగటి ఉండాదా? మొన్న ఖాళీ డబ్బీ తెచ్చి నాదాంట్లో సగం తిన్యావు."

"ఉండాది లేక్కా."

"మే, నీ తుడుపుకర్ర మీద నీ పేరు రాయిస్తిమి గదా, పిల్లోళ్ళ మీద కూడా రాయించల్లేమో. ఎంతమందో గుర్తుండాదా?"

"ఇద్దరు."

"అబ్బా! లెక్క తప్పలేదప్పా!"

అందరూ నవ్వారు. సుధామణి కూడా నవ్వింది.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. మరపు ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేదు. పొయ్యి మీద పాలు పెట్టి కొళాయి దగ్గరికి పోతుంది, కొళాయి దగ్గర బిందె వదిలేసి పాలకోసం వస్తుంది. ఫోను ఒకసారి రాగిపిండి డబ్బాలో దొరికింది. రేషను బియ్యానికి వేలిముద్ర వేయడానికి ఆఖరు రోజు దాటాక పోయింది. బడిలో తల్లిదండ్రుల సభ ఉందని వినుత మూడుసార్లు చెప్పింది. సుధామణి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయింది. సభ ముందురోజే జరిగిపోయింది. వినుత ఏమీ అనలేదు. తరువాతి సభ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఒకసారి పావగడలో డాక్టరుకు చూపించుకుంది. రక్తం తక్కువగా ఉంది, నిద్ర తక్కువగా ఉంది అని ఆయన నెలకు సరిపడా మాత్రలు రాశాడు. రెండు నెలల తరువాత పట్టీలో పదకొండు మాత్రలు మిగిలి ఉన్నాయి.

ఆ మాట కదిరమ్మకు చెప్పినప్పుడు కదిరమ్మ పడీపడీ నవ్వి, తరువాత అడిగింది: "శెనక్కాయ పెట్టేటప్పుడు నువ్వు ఇట్ల లేవు గదే. అప్పుడు ఏం మర్చిపోతివి?"

"అప్పుడు కలుపు కనబడితే కలుపు గుర్తొచ్చేది. ఎద్దు అరిస్తే నీళ్ళు గుర్తొచ్చేది," అంది సుధామణి. "ఇప్పుడు ఏదీ అరవదు గదక్కా."

టెంపో ఐదూ ఇరవైకి గేటు చేరింది. గేటు పక్క గోడకు చెక్కపెట్టె ఉంది. పెట్టెలో నలభై అరలు. కూలీలు ఫోను లోపలికి తీసుకుపోవడానికి లేదు. అరలో పెట్టి, అర నంబరు ఉన్న బిళ్ళ తీసుకోవాలి. సుధామణి ఫోను పందొమ్మిదో అరలో పెట్టి, బిళ్ళ కొంగున కట్టుకుంది. గేటు నుంచి ఆ రోజు కడగవలసిన బ్లాకు మూడు కిలోమీటర్లు. టెంపో వాళ్ళను అక్కడ దించి, నాగలమడిక నుంచి ఇంకో జట్టును తేవడానికి వెళ్ళిపోయింది.

ముందు ట్రాక్టరు, దాని వెనక నీళ్ళ ట్యాంకరు. ఒకరు పైపు పడతారు, ఇద్దరు పొడుగు కర్రలకు బిగించిన తుడుపుతో గాజు మీద రుద్దుతారు. ఒక వరస అయ్యాక ట్రాక్టరు పక్క వరసలోకి తిరుగుతుంది. ఆరున్నరకు పొద్దు పొడిచింది. తలలకు కట్టుకున్న లైట్లు తీసేశారు.

ఏడూ ఇరవైకి సుధామణి తుడుపు మర బిగించడానికి వంగింది. రవికలో ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే తాళంచెవి.

మొదట ఆమెకు అత్త కాఫీ గుర్తొచ్చింది. అత్త లేచి గంట దాటి ఉంటుంది, దిండు కింద వెతికి ఉంటుంది, తిట్టుకుని ఉంటుంది. తరువాత ఫ్యాను గుర్తొచ్చింది. ఫ్యాను ఆపకుండా వచ్చాను అనుకుంది. ఫ్యాను ఎందుకు వేశాను అనుకుంది.

కర్ర కింద పడింది.

"ఏంది మే?" అంది కదిరమ్మ.

"పాప లోపల ఉండాది."

"ఏ పాప?"

"ఆశా. లోపల పండబెట్టి తాళం వేసినా. ఇదో చెవి."

కదిరమ్మ తాళంచెవిని చూసింది, సుధామణి ముఖం చూసింది. పైపు పట్టుకున్న మనిషికి నీళ్ళు ఆపమని చెయ్యి ఊపింది. "మీ అత్త ఉండాది గదా. తలుపు పగలగొట్టి ఉంటాది."

"ఆమెకు తెలీదు. నేను ఎవరికీ చెప్పలే."

"సరే. నేను గేటు కాడికి పోయి ఫోను చేస్తా. నీ బిళ్ళ ఇయ్యి. నువ్వు ఈడనే ఉండు."

కదిరమ్మ బిళ్ళ తీసుకుని గేటు వైపు నడిచింది. ఆమెకు యాభై ఐదేళ్ళు. మోకాలి నొప్పి ఉంది. మూడు కిలోమీటర్లకు ముప్పావుగంట పడుతుంది.

సుధామణి అక్కడ ఉండలేదు.

ఆ బ్లాకులోనే ఎక్కడో వాళ్ళ నాలుగెకరాలు ఉన్నాయి. ప్లాంటుకు ఇరవై ఎనిమిదేళ్ళకు గుత్తకు ఇచ్చారు. పొలాల మధ్య గనిమల గట్లు లేవు, వేపచెట్టు లేదు, ఏది ఎవరి భూమో చెప్పే గుర్తు లేదు. ఏ వరసలో నిలబడి చూసినా రెండు పక్కలా ప్యానెళ్ళే. నేల వాలు మాత్రం మారలేదు. వాలు వెంబడి పోతే వాననీళ్ళు పారే వంక వస్తుంది, వంక వెంబడి పోతే ఊరు వస్తుంది. పొలం ఉన్న రోజుల్లో ఆ దారిన ఇంటికి పావుగంట. సుధామణి వాలు వెంబడి పరిగెత్తింది. రెండుసార్లు వరస తప్పి ఇంకో వరసలోకి పోయి, కాళ్ళ కింద నేల ఎటు దిగుతోందో చూసుకుని మళ్ళీ తిరిగింది.

వంక దగ్గర కంచె ఉంది. ఎత్తు రెండు నిలువులు, పైన ముళ్ళతీగ. కంచె అవతల వంకలో ఇసుక, ఆ పైన బీడు, బీడు చివర ఊరి నీళ్ళ ట్యాంకు కనిపిస్తూ ఉంది. ట్యాంకు పక్క వీధిలో మూడో ఇల్లు వాళ్ళది.

వంకలో చిక్కన్న గొర్రెలు మేపుతున్నాడు. వాళ్ళ ఊరివాడే. కంబళి భుజాన వేసుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు.

"చిక్కన్నా! ఓ చిక్కన్నా!"

"ఎవరు? సుధామణా? ఏంది మే, కంచె కాడికి వచ్చినావు? మీ సూపర్వైజరు చూస్తే అరుస్తాడు గదా."

"పాపను ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినానన్నా. చెవి నా దగ్గర ఉండాది. తీస్కపోయి ఇయ్యన్నా."

"ఏ పాపను?"

"చిన్నదాన్ని."

"లోపల పెట్టి వేసినావా? ఎందుకు?"

"మర్చిపోయినానన్నా."

చిక్కన్న కంచె దగ్గరికి వచ్చాడు. ఆమెను చూసి, వెనక్కి తిరిగి గొర్రెలను చూశాడు. అరవై దాకా ఉన్నాయి. బీడు పక్కన ఎవరిదో మిరపతోట ఉంది.

"వీటిని ఎవరు చూస్తారు? ఆ తోటలో పడితే నన్ను చెట్టుకు కట్టేస్తారు."

"నేను చూస్తా."

"కంచె లోపల నుంచి ఏం చూస్తావు నువ్వు?"

"అరుస్తా. నువ్వు పోన్నా."

తాళంచెవి కంచె సందులో నుంచి ఇచ్చింది. చిక్కన్న దాన్ని పంచె మడతలో దోపుకుని, కంబళి అక్కడే పడేసి, వంక ఎక్కాడు. మొదట నడిచాడు. బీడు మధ్యకు పోయాక పరిగెత్తడం కనిపించింది. అప్పుడు ఏడూ నలభై ఐదు.

సుధామణి కంచె పట్టుకుని నిలబడింది. గొర్రెలు కాసేపు ఉన్నచోటే మేశాయి. తరువాత ఒక పొట్టేలు తోట వైపు కదిలింది. దాని వెనక నాలుగు కదిలాయి. సుధామణి నాలుక మడిచి కూత వేసింది. పొట్టేలు ఆగి తల ఎత్తి చూసి, మళ్ళీ కదిలింది. ఆమె కంచె వెంబడి నడుస్తూ, రాళ్ళు ఏరి కంచె మీదుగా విసిరింది. రెండు రాళ్ళు ముళ్ళతీగకు తగిలి లోపలే పడ్డాయి. మూడోది పొట్టేలు ముందు పడింది. అది వెనక్కి తిరిగింది. చిక్కన్న తిరిగి వచ్చేదాకా, నలభై నిమిషాలు, ఆమె ఆ పనే చేసింది. గొంతు పోయింది.

"తీసినారు," అన్నాడు చిక్కన్న దూరం నుంచే. "నేను పోయేసరికే తీసినారు. మారన్న రంపంతో కోసినాడంట తాళం." మారన్న వాళ్ళ పక్కింటివాడు.

"పాప?"

"కిటికీ ఎక్కబోయి పడిందంట. గడ్డం పగిలింది. మీ అత్త, మారన్న ఆటోలో పావగడకు తీస్కపోయినారు. మాట్లాడతానే పోయిందంట, ఏడుపు లేదంట."

సుధామణి కంచె పక్కన కూర్చుంది.

"చెవి ఎవరికి ఇయ్యల్లనో తెలీక తెచ్చినా," అని చిక్కన్న కంచె సందులో నుంచి తాళంచెవి తిరిగి ఇచ్చాడు. తరువాత గొర్రెల వైపు చూశాడు. "బానే చూస్తివే."

ఆమె ఇంటికి చేరేసరికి పది. దారిలో గేటు దగ్గర కదిరమ్మ, తను చేస్తే ఎవరూ ఎత్తలేదని చెప్పి ఫోను ఇచ్చింది. దాంట్లో పద్నాలుగు మిస్డ్ కాల్సు ఉన్నాయి, అన్నీ అత్త నంబరు నుంచి. మొదటిది ఆరూ పన్నెండుకు. తిరిగి చేస్తే రామాంజినమ్మ ఎత్తింది. "కుట్లు వేస్తాండారు. నువ్వు రావొద్దు. వచ్చి చేసేది ఏమీ లేదు," అని పెట్టేసింది.

వినుత బడికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు తెరిచి ఉంది. కోసిన తాళం గడప మీద ఉంది. గదిలో కిటికీ కింద రాగుల డ్రమ్ము, డ్రమ్ము పక్కన బోర్లించిన బిందె. పిల్ల బిందె మీద నుంచి డ్రమ్ము ఎక్కింది. డ్రమ్ము మీద నుంచి కిటికీ ఊచ పట్టుకోబోయింది. నేల మీద రక్తం గుడ్డతో తుడిచిన మరక ఉంది. ఫ్యాను తిరుగుతూ ఉంది. సుధామణి ఫ్యాను ఆపింది. బిందె కడిగి వంటింట్లో పెట్టింది. మరక మళ్ళీ తుడిచింది. తరువాత చేయడానికి పని కనిపించలేదు. ఒంటిగంట దాకా గడప దగ్గర కూర్చుంది.

ఒంటిగంటకు ఆటో వచ్చింది. ఆశా గడ్డం కింద పట్టీ ఉంది. మూడు కుట్లు. పిల్ల అవ్వ చంక దిగి తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను కిటికీలో నుంచి అక్కా అని అరిచినా. అక్క పరిగెత్తి వచ్చింది."

"అవునా."

"నువ్వు నన్ను మర్చిపోయినావంట. అవ్వ చెప్పింది."

"మర్చిపోయినా పాపా."

"నేను నిద్రపోతాండానని?"

"ఊఁ."

ఆశా ఆలోచించింది. "నేను లేస్తి గదా తరవాత," అంది.

రామాంజినమ్మ ఆ రోజు గొంతు ఎత్తలేదు. కాళ్ళు కడుక్కుని, వసారాలో కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని కొడుకుతో మాట్లాడింది. పావుగంట మాట్లాడి, ఫోను కోడలికి ఇచ్చింది.

"బాగుండాదా పాప?" అన్నాడు మధుకుమార్. వెనక జేసీబీ చప్పుడు వినిపిస్తోంది.

"బాగుండాది. మూడు కుట్లు."

"నీకు నేను ఏం చెప్పల్ల సుధా? పాలు మర్చిపోతివి, నవ్వితిమి. సభ మర్చిపోతివి, నవ్వితిమి. ఇది నవ్వేదా?"

"కాదు."

"పొయ్యి కాడ ఏమన్నా అయ్యింటే? బిందెలో తల పెట్టింటే?"

సుధామణి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అమ్మ ఏం చెప్తే అట్ల చెయ్యి," అని అతను ఫోను పెట్టేశాడు.

అమ్మ చెప్పింది ఇది: ఆశాను నాగలమడికకు పంపాలి, శిల్పశ్రీ దగ్గరికి, జూన్‌లో బడి తెరిచేదాకా. శిల్పశ్రీ రామాంజినమ్మ కూతురు. పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఆమె భర్త ధనంజయకు నాగలమడిక బస్టాండు దగ్గర పంచరు షాపు ఉంది. ఇద్దరూ ఆదివారం వస్తామన్నారు.

"నేను ముసలిదాన్ని. నాకు పొద్దున చెవులు సరిగ్గా వినబడవు. పిల్ల లోపల అరుస్తాంటే నేను బయట కాఫీకి తాళంచెవి యాడ పెట్టిందో అని నిన్ను తిట్టుకుంటా కూర్చున్యా," అంది రామాంజినమ్మ. "నువ్వు తెల్లారకముందే పోతావు. ఎవరిని నమ్ముకుని ఉండల్ల ఆ పిల్ల?"

"పని మానేస్తా అత్తా."

"మానేసి ఇంట్లో ఉంటే మర్చిపోవా?"

బుధవారం సుధామణి పనికి పోలేదు. గురువారం కూడా పోలేదు. బుధవారం పొయ్యి మీద పెట్టిన పప్పు మాడలేదు, ఎందుకంటే ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఆశా ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. అంగన్‌వాడీకి తీసుకుపోయి, పిల్లలను వదిలే వేళదాకా బయట రాయి మీద కూర్చుంది. టీచరమ్మ వచ్చి, లోపల కూర్చోమ్మా అంది. పర్వాలేదు అంది సుధామణి.

గురువారం సాయంత్రం వినుత కొళాయి దగ్గర తల్లి పక్కన నిలబడింది. బిందెలో నీళ్ళు పడుతున్నాయి. అక్కడ ఇంకెవరూ లేరు.

"అమ్మా, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు."

"ఆ పొద్దు నువ్వు పాపను ఎత్తుకున్నప్పుడు నన్ను లేపినావు. పాపను లోపల పండబెడతాండా, నేను మర్చిపోతానేమో, తెల్లారి అవ్వకు చెప్పు అన్యావు. నేను ఊఁ అన్యా."

సుధామణి కూతురి వైపు చూసింది. మూడున్నరకు తను ఎవరినైనా లేపిందా అని వెతికింది. ఏడుపు గుర్తుంది, పిల్ల బరువు గుర్తుంది, ఫ్యాను స్విచ్చి గుర్తుంది. వినుతను లేపడం గుర్తు లేదు.

"నేను అన్యానా?"

"నిజంగా అన్యావు. రెండుసార్లు అన్యావు. నేను మర్చిపోయినా. పాప కిటికీలో అరిచినప్పుడు గుర్తొచ్చింది." వినుత తల్లి కొంగు పట్టుకుంది. "నాకు కూడా నీ మాదిరి వచ్చిందామ్మా?"

బిందె నిండి నీళ్ళు పొర్లాయి. సుధామణి కొళాయి కట్టేసింది.

"నువ్వు నిద్రలో ఉన్యావు."

"ఊఁ అన్యా గదా."

"నిద్రలో అందరూ ఊఁ అంటారు. మీ నాయన కూడా అంటాడు. దాన్ని మరపు అనరు."

"అవ్వకు చెప్తా. చెప్తే పాపను పంపరు. నువ్వు చెప్పినావు గదా, నీ తప్పు లేదు గదా."

"చెప్పొద్దు."

"ఎందుకు?"

"పాప గడ్డం మీద మచ్చ పోదు. చూసినప్పుడల్లా నిన్ను అంటారు. నన్ను అంటే నాకు అలవాటే."

"మరి పాప పోతాది గదమ్మా."

సుధామణి బిందె ఎత్తి నడుం మీద పెట్టుకుంది. "నువ్వు చెప్పొద్దు. ఇది మాత్రం మర్చిపోవద్దు," అంది.

ఆదివారం పదిన్నరకు శిల్పశ్రీ, ధనంజయ మోటారుబండి మీద వచ్చారు. శిల్పశ్రీ పిల్లకు గౌను తెచ్చింది, ద్రాక్షపళ్ళు తెచ్చింది. ఆశా గౌను వేసుకుని మేనత్త ఒళ్ళో కూర్చుని పళ్ళు తింది. తినేటప్పుడు గడ్డం కదిలిందని శిల్పశ్రీ ఒక్కో పండు సగం కొరికి పెట్టింది.

ధనంజయ వసారాలో మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, సుధామణి వైపు తిరిగాడు.

"నేను తప్పు పట్టేకి రాలేదక్కా. ఒక మాట అడుగుతా. మనిషికి మరపు ఉంటాది. నేను కూడా పంచరు వేసి ట్యూబులో గాలి పెట్టకుండా పంపించినా ఒకసారి. ఒకరు మర్చిపోతే ఇంగొకరు చెప్పేటట్ల ఉంటే సంసారం నడుస్తాది. ఆ పొద్దు పాప లోపల ఉండేది నీకు తప్ప ఈ ఇంట్లో ఇంగెవరికీ తెలీదా? ఎవరికన్నా తెలిసింటే చెప్పు, పాపను ఈడనే ఉంచుదాం. అత్తకు నేను చెప్తా."

రామాంజినమ్మ కోడలి వైపు చూసింది. శిల్పశ్రీ పళ్ళు కొరకడం ఆపింది.

వినుత గడప దగ్గర నిలబడి ఉంది. నోరు తెరిచింది. "మామా, అది..."

"నాకు ఒక్కదానికే తెలుసు," అంది సుధామణి. "ఎవరికీ చెప్పలేదు. వినుతా, పొయ్యి మీద పాలు ఉండాయి చూడు."

పొయ్యి మీద పాలు లేవు. వినుత లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"నేను అనలేదా?" అంది రామాంజినమ్మ అల్లుడితో. తరువాత కోడలి వైపు తిరిగి, "ఒక మాట చెప్పి పోయింటే సరిపోయేది గదే. ఒక్క మాట. నన్ను లేపింటే నేను లేవనా?" అంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"సరే," అన్నాడు ధనంజయ. "జూన్ దాకా వద్దత్తా. కుట్లు విప్పించి, తెచ్చి విడుస్తాం. ఆ పైన చూద్దాం."

సుధామణి పిల్ల బట్టలు సంచిలో సర్దింది. నాలుగు జతలు, దువ్వెన, పడుకునేటప్పుడు పట్టుకునే పాత రవిక గుడ్డ. సర్దినవి చెప్పుకుంటూ సంచి రెండుసార్లు తీసి చూసింది. ఏమీ మరవలేదు. రాత్రి దోమలు కుడితే లేస్తుందని, లేస్తే కాసేపు పక్కన పడుకోవాలని శిల్పశ్రీకి చెప్పింది. అన్నంలో కారం తగలకూడదని చెప్పింది. మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని చెప్పింది.

"అన్నీ బాగా గుర్తుండాయే వదినా," అంది శిల్పశ్రీ. ఎగతాళి కాదు, ఆశ్చర్యపోయి అంది.

"అమ్మా, నువ్వు రావా?" అని ఆశా అడిగింది.

"పని ఉండాది పాపా."

"తాళం ఎవరు వేస్తారు?"

"అవ్వ వేస్తాది."

బండి పన్నెండూ ఇరవైకి బయలుదేరింది. ఆశా ఇద్దరి మధ్యన కూర్చుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర బండి మలుపు తిరిగేదాకా సుధామణి వీధిలో నిలబడింది. లోపలికి వచ్చేసరికి వినుత వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

సోమవారం సుధామణి పనికి పోయింది. టెంపోలో కదిరమ్మ ఆమెకు పక్కన చోటు ఇచ్చింది. డబ్బీ గురించి అడగలేదు. ఆ రోజు టెంపోలో ఎవరూ మరపు గురించి మాట్లాడలేదు. తరువాతి రోజుల్లో కూడా మాట్లాడలేదు.

కుట్లు మంగళవారం, పందొమ్మిదో తేదీన పావగడలో విప్పారు. ఆ సంగతి శిల్పశ్రీ ఫోనులో చెప్పింది. గాయం ఆరింది, మచ్చ సన్నగా ఉంది అంది. పిల్ల బాగా అలవాటు పడింది, పక్కింటి పిల్లలతో ఆడుకుంటోంది, ఇంకో వారం ఉండనివ్వు వదినా అంది. సుధామణి సరే అంది. ఆ వారం గడిచాక ధనంజయకు షాపులో పని పడి పిల్లను తేవడం కుదరలేదు. మధుకుమార్ చెల్లెలికి ఫోను చేశాడు, ఏం మాట్లాడాడో భార్యకు చెప్పలేదు.

మార్చి ముప్పై ఒకటి, ఆదివారం, సుధామణి పదింటి బస్సుకు నాగలమడిక పోయింది. ఆశా ఆమెతో మధ్యాహ్నం అన్నం తింది. సాయంత్రం ఐదింటి బస్సుకు సుధామణి ఒక్కతే తిరిగి వచ్చింది. ఏడింటికి ఆమె ఇల్లు చేరేటప్పటికి ఆశా నాగలమడికలోనే ఉంది.